పొట్టలో ఎండుతున్న పిల్లకాలువలు

కరువు నేల పాలమూరులో ఊబకాయమేంటని కొట్టిపారేస్తాం. కానీ కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనుషులు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఎటు చూసినా కనిపిస్తున్నారు. ఆ పొట్టలోని కొవ్వుకు రక్తం మోసే నాళాల్లో ఏం జరుగుతోంది?

ముప్పయ్యేళ్లు దాటినవాళ్లున్న ఇళ్లకు ఆశా కార్యకర్త వచ్చి బీపీ, షుగరు వివరాలు రాసుకుపోవడం ఇప్పుడు ఊళ్లలో మామూలే. ఆమె చేతిలో ఒక ఫారం, ఒక టేపు ఉంటాయి. బీపీ పట్టీ చుట్టించుకోవడానికి చెయ్యి చాపినంత తేలిగ్గా ఎవరూ నడుము కొలవనివ్వరు. ‘‘బక్కగనే ఉన్న గదక్కా, నడుము కొలుసుడెందుకు?’’ అని ఆడవాళ్లు నవ్వేస్తారు. మగవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్టను లోపలికి పీల్చేస్తారు. కొలవాల్సింది మాత్రం ఊపిరి వదిలాకే. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, టేపు ఒంటికి తగిలీ తగలనట్టు పెట్టి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే ఫారంలో ఒక పాయింటు. ఆపైన ఇంకో పది సెంటీమీటర్లు కూడా దాటితే రెండు.

బరువుతో సంబంధం లేకుండా ఆ పాయింటు పడుతుంది. అరవై కిలోలు లేని మనిషికీ పడుతుంది. ఎందుకు పడిందో మాత్రం చాలాసార్లు ఆ మనిషికి ఎవరూ విడమరిచి చెప్పరు. ఈ కథనం ఆ ఒక్క పాయింటు గురించే.

పొట్ట దగ్గర ఎంత కొవ్వు చేరిందన్నది సగం సంగతి. ఆ కొవ్వు ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది మిగతా సగం. దాన్ని తేల్చడంలో కొవ్వు కణాల సందుల్లో పారే సన్నటి రక్తనాళాలకు పెద్ద పాత్ర ఉంది. ఆ నాళాలకు లోపలివైపు ఒకే వరుసలో పరుచుకుని ఉండేవి ఎండోథీలియల్ కణాలు. గత ఇరవై ఏళ్లలో ఊబకాయం మీద పనిచేసే శాస్త్రవేత్తల చూపు వీటి మీదికి మళ్లింది. ఆకలి చూసిన తరాల ఒళ్లలో కొవ్వు తొందరగా చెడుతోందనడానికి ఆధారాలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి గనక, ఈ సంగతి పాలమూరుకు అందరికంటే ముందు తెలియాలి.

నీళ్లొచ్చాయి, జొన్న తగ్గింది

‘పాలమూరు లేబర్’ అంటే దేశమంతటికీ తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మట్టి మోసింది ఇక్కడివాళ్లే. మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి కుటుంబాలకు కుటుంబాలను లారీల్లో ఎక్కించుకుపోయేవాడు. పొద్దంతా గంపలు మోసి రాత్రికి ఇంత జొన్నరొట్టె, ఇంత పచ్చిపులుసు. పిల్లలు ఆ గుడారాల్లోనే పుట్టారు, అక్కడే సగం కడుపుతో పెరిగారు. ఇవాళ నలభై, యాభై ఏళ్ల వయసులో ఉన్న చాలామంది ఆ తల్లుల బిడ్డలే.

వాళ్ల కళ్లముందే నేల మారింది. గద్వాల వైపున్న నడిగడ్డకు జూరాల, నెట్టెంపాడు నీళ్లొచ్చాయి. శ్రీశైలం వెనుక జలాలను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఎత్తిపోసి నాగర్‌కర్నూల్ వైపు మళ్లించే కల్వకుర్తి పథకం పారింది. వనపర్తి చుట్టూ భీమా కాలువలు వచ్చాయి. జొన్న, ఆముదం, పల్లి పండిన చెలకల్లో వరి మడులు లేచాయి. కోతకు హార్వెస్టరు, దున్నడానికి ట్రాక్టరు, పొలానికి పోవడానికి బైకు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో మొదలైన మార్పు 2025 ఉగాది నాటికి మనిషికి ఆరు కిలోల ఉచిత సన్నబియ్యం దాకా వచ్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని ఒక్క మాట అనడానికి కూడా నాకు మనసొప్పదు. గంజికి మొహం వాచిన ఇళ్లలో తెల్లన్నం ఒక గౌరవం. కష్టమల్లా మారిన వేగంతోనే. తాతల కాలం నుంచి తక్కువ తిని ఎక్కువ ఖర్చుపెట్టడానికి అలవాటుపడిన ఒళ్లు, ఒక్క తరంలో తిరగబడిన లెక్కను తట్టుకోవాల్సి వస్తోంది.

గద్వాల ప్రాంతంలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి మనవాళ్లు ఏ కాలంలో ఏం తిన్నారో, ఏం కట్టారో ఏరికూర్చి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. 1953లో ఆయన కన్నుమూశారు. ఆ చరిత్రను ఎవరైనా కొనసాగిస్తే, జొన్నసంకటి నుంచి పాలిష్ బియ్యానికీ పామాయిల్ ప్యాకెట్‌కూ మారిన ఈ నలభై ఏళ్లకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు.

లెక్కలూ అదే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆడవాళ్లలో 30 శాతం, మగవాళ్లలో 32 శాతం మంది ఉండాల్సిన బరువుకు మించి ఉన్నారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశం మొత్తం మీద మొత్తం ఒళ్లు లావెక్కినవాళ్లు 28.6 శాతమైతే, పొట్ట పెరిగినవాళ్లు 39.5 శాతమని తేల్చింది. ఈ రెండు అంకెల నడుమ ఉన్నవాళ్లే మన బక్కపల్చని పొట్టరాయుళ్లు. త్రాసు వీళ్లను పట్టుకోలేదు. టేపు పట్టుకుంటుంది.

ఒకే బీఎంఐ, రెండు ఒళ్లు

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. చూడ్డానికీ ఇద్దరూ సన్నగానే ఉన్నారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యాజ్ఞిక్ బృందం అంతకుముందే పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డలను ఇంగ్లండ్ బిడ్డలతో పోల్చింది. మన బిడ్డలు సగటున 2.7 కిలోలు, అక్కడివాళ్లు మూడున్నర. కండ తగ్గింది, పొట్టలోని అవయవాలు చిన్నవయ్యాయి, చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. తల్లి కడుపులో తిండి చాలకపోతే బిడ్డ ఒళ్లు కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుందని అప్పుడు అర్థమైంది.

2007లో అమెరికాలోని డాలస్ శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు లోపలికి దిగారు. దక్షిణాసియా నుంచి వచ్చిన కుర్రాళ్లకూ, అక్కడి తెల్లవాళ్లకూ పొట్ట చర్మం కింది కొవ్వును కొద్దిగా తీసి చూశారు. మనవాళ్ల కొవ్వు కణాలు పెద్దవిగా ఉన్నాయి. ఇన్సులిన్‌కు మనవాళ్ల ఒళ్లు పలికే తీరూ మందకొడిగానే ఉంది.

కణం పెద్దదైతే ఏమవుతుంది? పెద్దయ్యాక మనిషిలో కొవ్వు కణాల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుందని స్వీడన్‌కు చెందిన కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో చూపింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14 జాడను కణాల్లో వెతికి, ఏటా పది శాతం కణాలు చచ్చి అన్నే కొత్తవి పుడుతుంటాయని లెక్కగట్టారు. అంటే పెద్దయ్యాక పెరిగే కొవ్వులో ఎక్కువ భాగం ఉన్న కణాలే ఉబ్బి మోయాలి. ఉబ్బిన కణం ఒక్కోటి వంద మైక్రాన్లు దాటుతుంది. అతి సన్నటి రక్తనాళమైన కేశనాళిక నుంచి ఆక్సిజన్ చుట్టూ ఇంకగలిగే దూరమూ ఇంచుమించు అంతే. చిక్కంతా ఇక్కడే.

కాలువ గట్టు మీద కాపలాదారులు

జూరాల ఆయకట్టు రైతుకు ఈ చిక్కు చప్పున అర్థమవుతుంది. ప్రధాన కాలువ నిండుగా పారుతుంటుంది, డిస్ట్రిబ్యూటరీలోనూ నీళ్లుంటాయి. కానీ పిల్లకాలువలు తవ్వకుండా మడులు పెంచుకుంటూ పోతే చివరి మడి ఎండుతుంది. పొట్ట కొవ్వు పెరిగేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఆరోగ్యంగా ఉన్న కొవ్వులో దాదాపు ప్రతి కణాన్నీ ఒక కేశనాళిక ఆనుకుని ఉంటుంది. కొవ్వు పెరిగిన కొద్దీ నాళాలూ కొత్త చివుళ్లు వేసుకుంటూ పోవాలి. కొవ్వు కణాలే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదిలి, ఇటు రమ్మని నాళాలను పిలుస్తాయి. కొన్నాళ్లు ఆ పిలుపు పనిచేస్తుంది. తర్వాత కొవ్వు వేగాన్ని నాళాలు అందుకోలేవు.

నాళపు గోడలోని ఎండోథీలియల్ కణాలు ఊరికే రక్తాన్ని దాటనిచ్చి కూర్చోవు. అన్నం తిన్నాక రక్తంలో తేలే కొవ్వు బొట్లను విరగ్గొట్టే ఎంజైము లైపోప్రొటీన్ లైపేజ్. దాన్ని తయారుచేసేది కొవ్వు కణం. దాన్ని గోడ దాటించి రక్తం పారేవైపు నిలబెట్టేది ఎండోథీలియల్ కణం. విరిగిన కొవ్వును లోపలికి చేరవేసేదీ అదే. ఇన్సులిన్‌ను దాటిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ వాయువును వదిలి నాళం సడలేలా చేస్తుంది. ఈ చిన్న అణువు రక్తనాళాలకు సంకేతమని కనుగొన్నందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యూరాడ్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. తెల్లరక్తకణాలు అనవసరంగా లోపలికి చొరబడకుండా చూసేదీ ఈ కణమే. ఇన్ని పనులు చేసేది ఒకే ఒక వరుస.

ఈ వరుస మీద భారం పెరిగితే ముందుగా దెబ్బతినేది నైట్రిక్ ఆక్సైడ్. సన్నటివాళ్లలో భోజనం చేసిన కాసేపటికి కొవ్వుకు రక్తప్రవాహం పెరుగుతుంది. వచ్చిన సరుకును సర్దుకోవడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు అది. ఊబకాయుల్లో ఆ పెరుగుదల నామమాత్రం. సర్దుకోలేని కొవ్వు కాలేయానికీ, క్లోమానికీ, కండకూ, గుండెకూ పొంగిపోతుంది. అక్కడ కొవ్వు దాచుకునే వీలు లేదు, అందుకే అక్కడ చేరినది విషమవుతుంది. కాలేయంలో చేరితే ఫ్యాటీ లివర్, క్లోమంలో చేరితే షుగరు. పేగుల చుట్టూ ఉండే కొవ్వు నుంచి రక్తం నేరుగా కాలేయానికే పోతుంది కాబట్టి పొట్ట కొవ్వు చేటు తుంటి కొవ్వు కంటే ఎక్కువ.

రెండో దశలో గోడ మీద అంటుకునే ప్రొటీన్లు లేస్తాయి. రక్తంలో కొట్టుకుపోతున్న మోనోసైట్ అనే తెల్లరక్తకణాలు వాటికి తగులుకుని, గోడ సందుల్లోంచి లోపలికి దూరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. 2003లో అమెరికాలో రెండు బృందాలు ఒకేసారి ఈ సంగతి బయటపెట్టాయి. ఊబకాయుడి కొవ్వును మైక్రోస్కోపు కింద పెడితే ఉబ్బి చచ్చిన ఒక్కో కొవ్వు కణం చుట్టూ మాక్రోఫేజ్‌లు వలయంలా కూర్చుని కనిపిస్తాయి. అవి వదిలే రసాయనాలు ఒళ్లంతా పాకి సన్నని వాపును రాజేస్తాయి. జ్వరం రాదు, నొప్పీ ఉండదు. ఏళ్ల తరబడి తెలియకుండానే సాగుతుంది. ఆలోగా కణాల నడుమ కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్ పేరుకుని కొవ్వు గట్టిపడుతుంది. గట్టిపడిన చోట కొత్త నాళం చివురు వేయడం ఇంకా కష్టం.

మూడోది ముసలితనం. ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలు 2010లో ఊబకాయుల చర్మం కింది కొవ్వు నుంచీ, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచీ ఎండోథీలియల్ కణాలను వేరుచేసి పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే మనిషి ఒంట్లోవైనా పేగుల చుట్టూ ఉన్నవాటిలో వాపు గుర్తులూ, విభజన ఆగిపోయిన ముసలి కణాల లక్షణాలూ ఎక్కువగా ఉన్నాయి. మనిషికి నలభై ఏళ్లే అయినా లోపలి పొట్ట నాళాలకు అంతకు మించిన వయసు వచ్చేసిందన్నమాట.

ఇక్కడ ఒక తగవు ఉంది, దాచడం భావ్యం కాదు. ఊబకాయుల కొవ్వులో ఆక్సిజన్ తగ్గుతుందని 2009లో అమెరికాలోని లూసియానా బృందం కొలిచి చెప్పింది. కాదు, ఎక్కువగానే ఉందని 2011లో నెదర్లాండ్స్ బృందం తన కొలతలు చూపింది. కొవ్వు కణం ఆక్సిజన్ వాడకమే తగ్గించేసుకుంటే అలా ఉండొచ్చన్నది రెండోవాళ్ల వాదన. తగవు ఇంకా తేలలేదు. అయితే మొదటివాళ్లకు కేశనాళికలు పలచబడి కనిపించాయి, రెండోవాళ్లకు కొవ్వులో రక్తప్రవాహం తగ్గి కనిపించింది. కాలువ పారకం సన్నగిల్లిందన్న దగ్గర ఇద్దరి మాటా ఒక్కటే.

గోడలోని చిల్లులు మూసుకుంటే

2025లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ కథకు కొత్త మలుపు. మగ ఎలుకల కొవ్వులోని ఎండోథీలియల్ కణాలను ఒక్కో కణం చొప్పున విడదీసి, ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో పటం గీశారు. చర్మం కింది కొవ్వులో వాళ్లకు ఒక ప్రత్యేకమైన రకం దొరికింది. ఆ కణాల గోడకు అతి సూక్ష్మమైన చిల్లులుంటాయి. పేగుల్లో, మూత్రపిండాల్లో, హార్మోన్ గ్రంథుల్లో ఇలాంటి కణాలుంటాయని ముందే తెలుసు. సరుకు గబగబా దాటాల్సిన చోట్లవి. ఎలుకకు కొవ్వు తిండి పెట్టి లావు చేస్తే ఈ రకం తగ్గిపోయింది. వీఈజీఎఫ్-ఎను అడ్డుకుంటే చిల్లులు నిలవలేదు. మగవాళ్ల కొవ్వులోనూ ఈ కణాలు కనిపించాయి, ఊబకాయుల్లో అవి తగ్గాయి.

చర్మం కింది కొవ్వు నిజానికి మనకు రక్ష. మిగులు తిండిని అపాయం లేకుండా దాచుకునే చోటు అది. ఆ చోట సరుకు దాటే దారులే మూసుకుపోతే, మిగులు లోపలి పొట్టకు మళ్లడంలో వింతేముందని నాకు అనిపిస్తుంది. ఇది ఎలుకల మీద మొదలైన పని, ఆడవాళ్ల సంగతి ఇంకా చూడాలి. ఆ చిల్లులు ఏ పనికి అక్కడున్నాయో పూర్తిగా తేలాల్సీ ఉంది.

నాళాలే కొవ్వుకు ప్రాణమైతే వాటిని తెగ్గొడితే పోలా అన్న ఆలోచన కొందరికి వచ్చింది. హార్వర్డ్‌లో జూడా ఫోక్‌మన్ బృందం 2002లో లావు ఎలుకలకు కొత్త నాళాలు పుట్టకుండా మందులిస్తే అవి చిక్కాయి. 2004లో ఇంకో బృందం కొవ్వు నాళాలను వెతికి చంపే మందు చేసింది. 2011లో దాన్ని లావు కోతులకిస్తే నాలుగు వారాల్లో పదకొండు శాతం బరువు తగ్గాయి, కానీ మూత్రపిండాల మీద దెబ్బ కనిపించింది. అదే సమయంలో వేరే బృందాలు ఎలుకల కొవ్వులో వీఈజీఎఫ్‌ను పెంచి చూశాయి. కొవ్వుకు నాళాలు దట్టంగా పెరిగాయి, కొవ్వు తిండి పెట్టినా షుగరు అదుపు తప్పలేదు. కాలువ పూడ్చడం కంటే తవ్వడమే మేలన్నది నా నమ్మకం కూడా. నాళాన్ని చంపి కొవ్వును తగ్గిస్తే, ఆ కొవ్వు మోస్తున్న బరువు కాలేయం మీద పడకుండా ఎవరు ఆపుతారు?

తార్నాక ఎలుకలు, ఇబ్రహీంపట్నం పిల్లలు

ఈ పరిశోధనలో మన గడ్డ వాటా తక్కువేం కాదు. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలోని ఆ సంస్థ ఎలుకల సంతతిలో సహజంగా పుట్టుకొచ్చిన లావు ఎలుకలను ఎన్.వి.గిరిధరన్ బృందం గుర్తించి, 1996లో ప్రపంచానికి చూపింది. నెల దాటాక ఒళ్లు చేయడం మొదలై కిలో దాటే ఎలుకలవి. వాటిలో రెండు తెగలున్నాయి. రెండూ లావే. ఒక తెగలో షుగరు మామూలుగా ఉంటుంది, రెండో తెగలో గ్లూకోజ్ అదుపు తప్పుతుంది. లావు ఒక్కటే జబ్బును తేల్చదని చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం మన దగ్గరే పుట్టింది.

దానికంటే పాలమూరుకు దగ్గరగా ఉన్నది ఇబ్రహీంపట్నం కథ. 1987 నుంచి 1990 దాకా రంగారెడ్డి జిల్లాలోని 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. గర్భిణికి రోజుకు సుమారు 500 కేలరీలు, పిల్లలకు 300. మిగతా 14 ఊళ్లకు అప్పటికి ఆ ఏర్పాటు లేదు. దాదాపు పదిహేనేళ్ల తర్వాత, 2003-05 మధ్య సంజయ్ కిన్రా తదితరులు ఆ పిల్లలను వెతికి పట్టుకున్నారు. 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్ నిరోధకత తక్కువ. ధమనుల బిరుసుదనమూ తక్కువ. 2008లో బీఎంజే పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి.

వాళ్లు కొలిచింది కొవ్వులోని కేశనాళికను కాదు, పెద్ద ధమనిని. తేడాలూ చిన్నవే. అయినా ఆ నాళం ఎలా ఉంటుందో ఎదిగాక తినే తిండి ఒక్కటే తేల్చదనీ, తల్లి కడుపుతో ఉన్నప్పుడు పళ్లెంలో ఏముందో దానికీ ఇందులో చెయ్యి ఉందనీ ఆ ఊళ్లు చెబుతున్నాయి. గుడారాల్లో పుట్టిన పాలమూరు బిడ్డల తల్లులకు ఆ ఉప్మా అందలేదు. పొట్ట పెరిగిన మనిషిని తిండిబోతు అని వెక్కిరించేవాళ్లు ఈ ఒక్క అధ్యయనమైనా చదవాలి.

కొవ్వు కరగకపోయినా నాళం కోలుకుంటుంది

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది 2024లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన. లావుగా ఉన్నవాళ్లనే 32 మందిని తీసుకున్నారు. సగం మంది కనీసం రెండేళ్లుగా క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నవాళ్లు. మిగతా సగం చేయనివాళ్లు. రెండు గుంపుల్లోనూ ఒంట్లో కొవ్వు సమానంగా ఉండేలా జతలు కట్టారు. పొట్ట చర్మం కింది కొవ్వు తీసి చూస్తే వ్యాయామం చేసేవాళ్లలో కేశనాళికలు ఎక్కువ, గట్టిపరిచే కొల్లాజెన్ రకం తక్కువ, వాపు కణాలు తక్కువ. ఆ కొవ్వు కణాలను గాజుపాత్రలో పెంచితే అవి కొవ్వును బాగా దాచుకోగలిగాయి. అంటే త్రాసు మీద ముల్లు కదలకపోయినా లోపల కాలువ తవ్వుడు సాగుతూనే ఉంది. నెల రోజులు నడిచి బరువు తగ్గలేదని మానేసేవాళ్లకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు.

గద్వాల, రాజోలి, అమరచింతలో గుంత మగ్గం మీద కూర్చునే నేతన్నల సంగతి ఆలోచించండి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి గానీ లేవరు. మూడు గంటలు కదలకుండా కూర్చుంటే తొడలోని ధమని సడలే గుణం మొదటి గంటలోనే పడిపోతుందని 2015లో ఇండియానా శాస్త్రవేత్తలు చూపారు. గంటకోసారి ఐదు నిమిషాలు మెల్లగా నడిస్తే ఆ నష్టం జరగలేదు. 2016లో మిస్సోరీ బృందం ఇంకో చిత్రమైన పని చేసింది. కూర్చున్నవాళ్లను ఒక కాలు మాత్రం నిమిషం సేపు ఆడించి నాలుగు నిమిషాలు ఆపమంది. ఆడించిన కాలి నాళం చురుగ్గా ఉంది, కదపని కాలి నాళం మందగించింది. మగ్గం మీది మనిషి కాళ్లతో చెక్కలు తొక్కుతూనే ఉంటాడు కదా! రోజంతా కూర్చునే గుమాస్తాకు లేని మేలు అతని కాళ్లకు దక్కుతోందేమో. ఎవరూ కొలిచి చూడలేదు. కొలవదగ్గ ప్రశ్నే. నడుమూ పొట్టా మాత్రం గుంత అంచున బిగుసుకునే ఉంటాయి. లేచి వీధి చివరిదాకా నడవాల్సింది వాటి కోసం.

తిండి సంగతి మన ఆడవాళ్లకు నేను చెప్పేదేం లేదు, వాళ్లకు తెలిసినదే. పొద్దున ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం గిన్నెడన్నం, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ గిన్నెడన్నం, నడుమ నాలుగు చక్కెర చాయ్‌లు. అన్నం పక్కన పప్పు పలచన, కూర నంజుడంత. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర, గుడ్డు, పిడికెడు ఉడకబెట్టిన పల్లీలు పెంచితే చాలు. వనపర్తి పల్లికి కొరత లేదు. రాత్రి పూట జొన్నరొట్టె తిరిగొస్తే ఇంకా మంచిది. ముద్దలోకి దిగే పామాయిల్ కొలత ఇంట్లో ఒకరైనా పట్టించుకోవాలి. నెలకు మనిషికి ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో లెక్క చూసుకుంటేనే చాలామంది ఉలిక్కిపడతారు.

సన్నటివాళ్లు తగ్గాల్సింది కూడా మరీ ఎక్కువేం కాదు. బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం బీఎంఐ 27 లోపున్న ఇరవై మంది షుగరు రోగులను తీసుకుని, వాళ్ల బరువును సగటున పది శాతం దాకా తగ్గించింది. 14 మందికి షుగరు మందులు లేకుండానే అదుపులోకి వచ్చింది. ప్రతి ఒంటికీ తాను మోయగలిగిన కొవ్వుకు ఒక హద్దు ఉంటుందనీ, కొందరికి అది చాలా తక్కువనీ టేలర్ వాదన. అరవై కిలోల మనిషికి పది శాతమంటే ఆరు కిలోలు. ఇప్పటికే షుగరు, బీపీ మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించేముందు డాక్టరుకు చెప్పి తీరాలి. బరువు తగ్గిన కొద్దీ మాత్రల మోతాదు మార్చకపోతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

మన మూడు జిల్లాలకూ ఇప్పుడు మెడికల్ కాలేజీలున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు 2022లో, గద్వాలకు 2024లో వచ్చాయి. ఇబ్రహీంపట్నం పల్లెల్లో జరిగిన పని లాంటిది ఇక్కడ చేయడానికి భవనాలు, ల్యాబులు, కుర్రడాక్టర్లు, పక్క జిల్లాలోనే నడిపి చూపిన పద్ధతి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వలస గుడారాల్లో పుట్టినవాళ్లనూ, ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లనూ వేరుగా గుర్తించి నడుము, ధమని బిరుసుదనం, భోజనం తర్వాత రక్తంలో కొవ్వు కొలవడానికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. ఈలోగా ఆశా కార్యకర్త ఫారంలో రాసుకున్న అంకెను ఒక చీటీ మీద రాసి ఆ ఇంటి మనిషి చేతిలో పెట్టాలి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ కొలిచి పక్కనే రెండో అంకె రాయాలి. నడుము రెండు సెంటీమీటర్లు తగ్గితే ఆ మాట గట్టిగా చెప్పి మెచ్చుకోవాలి. పెరిగితే ఆ నెలలోనే పీహెచ్‌సీలో షుగరు, కొవ్వు పరీక్షలు రాయించాలి. దీనికి జీవో అవసరం లేదు. మండలంలో ఒక్క డాక్టరు పట్టుబట్టినా వచ్చే వారం నుంచే మొదలుపెట్టొచ్చు.